బుడ్డోడి అసలు పేరు

బషీర్ ఎస్టీడీ డబ్బా గడపలో నిలబడి కేకేశాడు.

"సుభద్రవ్వా! ఫోనొచ్చింది, జల్ది రా. నీ మనవడంట!"

సుభద్రమ్మ చేతిలోని నూలు కండె కింద పెట్టి రోడ్డు దాటింది. కేతేపల్లి సాలెవాడలో ఇంటికొకడు బొంబాయి పక్కన భీమండి పోయి మరమగ్గాల మీద బతుకుతున్నాడు. ఆమె మనవడూ అక్కడే. ఫోను చేస్తే ఐతారం నాడే చేస్తాడు. ఇవాళ మంగళవారం.

"అవ్వా, నేనే," అంటూ ఏడుపు గొంతు వినిపించింది.

"నేనే అంటె ఎవరు?"

"నీ మనవణ్ణే. గుర్తువడ్తలేనా?"

"బుడ్డోడా?"

"ఆ, బుడ్డోణ్ణే అవ్వా. మిషిన్ల చెయ్యి వడ్డది. దవాఖానల ఉన్న. నా దోస్తు ఊరికొచ్చిండు, ఇయ్యాల మాపు బొంబాయి బస్సెక్కుతడు. ఇంట్ల బంగారం ఏమన్న ఉంటె గాయన చేతికియ్యి. బాపుకు చెప్పకు, గుండాగి సస్తడు."

"ఏ చెయ్యి బిడ్డా?"

అవతల ఫోను పెట్టేశారు.

బషీర్‌తో ఒక్క మాటైనా అనకుండా ఇంటికొచ్చింది. కొడుకు బట్టల మూటతో నల్గొండ పోయాడు, పొద్దుగూకితే గాని రాడు. ఆమె బియ్యం కుండలో చెయ్యి పెట్టి బంగారు గుండ్ల దండ తీసి నడుముకు కట్టుకుంది. కట్టుకుందే గాని మనసు ఒక చోట నిలవలేదు. మిషిను అన్నాడు. బుడ్డోడు మరమగ్గాన్ని ఎన్నడూ మిషిను అనడు, సాంచె అంటాడు. మరి దెబ్బ తగిలినోడికి మాట తడబడదా? ఏడ్చేవాడి గొంతు ఎవరిదైనా ఒక్కతీరే వినిపించదా? ఇస్తే దండ పోతుంది. ఇయ్యకపోతే, మాట నిజమే అయితే, సాలోడి చెయ్యే పోతుంది.

కాసేపటికి తెల్లంగి మనిషి ఒకడు వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు విడవలేదు.

"అవ్వా, బుడ్డయ్య దోస్తును. ఒక్క రూంలనే ఉంటం."

సుభద్రమ్మ ముక్కాలిపీట చూపించలేదు. గడపకు అడ్డంగా కూర్చుంది. పదిమందిలో బుడ్డోడా అని పిలిస్తే మనవడికి ఎంత మంటో ఆమెకు తెలుసు. మీసాలొచ్చినంక గూడ గదేం పిలుపే అని అన్నం ముందర నుంచి లేచిపోయిన రోజులున్నాయి.

"భీమండిల గూడ బుడ్డయ్య అనే అంటరా కొడుకా?"

"అందరం గట్లనే అంటం."

"అసలు పేరేంది?"

వాడు నవ్వాడు. "నీ మనవడి పేరు నీకే తెల్వదా అవ్వా?"

"తెలుసు. నా నోటితోని అనరాదు. మా ఇంటాయన పేరు వెట్టుకున్నం. పెనిమిటి పేరు నేనెట్లంట? నువ్వు జెప్పు."

వాడి నవ్వు సగంలో ఆగింది. చూపు ఆమెను దాటి ఇంటి లోపలికి పోయింది. గోడల మీద సున్నం తప్ప పేరు రాసిన పటమేదీ లేదు.

"మొదటి అక్షరమన్న చెప్పు అవ్వా, యాదికొస్తది."

"ఒక్క రూంల వండుకోని తింటరు, పేరు యాదికి లేదా?"

"ఆడ పిలగాడి చెయ్యి కుళ్ళిపోతాంది! నువ్వు ఈడ పేరు పంచాది వెట్టినవ్. రేపు వాడు సస్తే పాపం నీదే ముసలిదానా!"

ఆ మాటకు ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది. వాడి కళ్లు కూడా అక్కడికే పోయాయి. అది చూసి ఆమె కొంగు బిగించింది.

"పాపం నాదే. పేరు చెప్పు, దండ తీస్కపో."

"బస్సు పోతాంది," అని గొణిగి వాడు గల్లీ దాటేశాడు.

దొంగ పోయాడని ఆమెకు సంబరం కలగలేదు. వాడు దొంగే కావచ్చు, బుడ్డోడికి నిజంగానే ఏదైనా అయ్యిందేమో? ఉరికినట్టే బషీర్ దగ్గరికి పోయి సంగతంతా చెప్పింది.

బషీర్ తల పట్టుకున్నాడు. "నాదే గల్తీ అవ్వా. సాలోళ్ల ముసలవ్వను పిలువు, మనవడు భీమండిల ఉంటడు అన్నడు ఫోను చేసినోడు. సుభద్రవ్వనా అని నేనే అడిగిన."

"నా పేరు దీసిన గల్తీ నీది. బుడ్డోడా అని అందిచ్చింది నేను. జర భీమండికి కలుపు."

మనవడి గది కింద ఒక కిరాణా కొట్టుంది. బషీర్ ఆ నంబరు తిప్పి, "సిద్దిరాములును పిలువుండ్రి," అని అరిచాడు. చాలాసేపటికి ఫోను ఆమె చేతికిచ్చాడు.

"ఏందవ్వా, మంచిగున్నవా?" అన్నాడు మనవడు.

"నీ పేరు జెప్పు."

"నా పేరా? తాత పేరే గదనే."

"గట్లగాదు, నోరిప్పి జెప్పు."

"సిద్దిరాములు."

"గది ఇప్పుడే మా బషీర్ అన్నడు. ఇని చెప్తున్నవేమో?"

"అవ్వా! ఏమైందే నీకు?"

"రెండు చేతులు మంచిగున్నయా?"

"ఉన్నయి."

"అయితే చప్పట్లు గొట్టు."

"దుకాణం కాడ అందరు సూస్తాండ్రే!"

"సూడనియ్యి. కొట్టు."

మనవడు ఫోను మెడకింద ఇరికించుకున్నట్టున్నాడు, గరగరమంది. ఆ వెంటనే చప్పట్లు వినిపించాయి. వెనక ఎవరో పకపకా నవ్వారు.

సుభద్రమ్మ ఊపిరి పీల్చుకుని ఫోనును బషీర్ చెవికి ఆనించింది.

"ఇంకొకసారి కొట్టు బిడ్డా. బషీర్ గూడ ఇంటడు."