గోడ మీద మరక, పైన బావమరిది

మా పడకగది గోడ మీద మరక కనిపించిన రోజునే దోషి ఎవరో నాకు తెలిసిపోయింది. మేడ మీద ఉండే మా బావమరిది. సాక్ష్యం తర్వాత వెతుక్కోవచ్చు, ముందు మనిషిని పట్టుకుంటే చాలనుకున్నాను.

బావమరిది ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక తన బాత్రూములో నేలకి తనే టైల్స్ వేసుకున్నాడు. నలభై రెండు పలకలు, మూడు నెలల పని. ఒక్కో పలకనీ వేలి కణుపుతో తట్టి, డొల్ల మోత వస్తే ఊడదీసి, మళ్లీ వేశాడు. ఆ రంగు పలకలు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు బాత్రూము చూపిస్తాడు.

"నీ పలకల కిందనుంచే నీళ్లు దిగుతున్నాయిరా" అన్నాను.

"బావా, ఆ నేల మీద పడవ నడుపుకో. చుక్క దిగితే నా చెవి కోసిస్తా."

"చెవి నాకెందుకు, పలకలు తీయించు."

మొహం మాడ్చుకుని మెట్లెక్కాడు. ఆ వారమంతా మాటల్లేవు.

మరక మాత్రం పెరుగుతూనే ఉంది. మొదట చేతిగడియారమంత. వారానికి కంచమంత. నెల తిరిగేసరికి పడుకున్న గేదెంత. దూడంతే అంటుంది మా ఆవిడ. ఆవిడ కొలతలెప్పుడూ తక్కువే. రోజూ పొద్దున దాని అంచు వెంబడి పెన్సిలు గీత గీసి తేదీ వేసేవాణ్ణి. మీ గోడకీ మరకొస్తే ఇలాగే చెయ్యండి. పెరుగుతోందో లేదో కంటికి తెలియదు, గీతకి తెలుస్తుంది. దాంతో ఆగకుండా నేను మంచమెక్కి, స్టీలు గ్లాసు గోడకానించి, పైన వాడెన్ని చెంబులు పోసుకుంటున్నాడో కూడా లెక్కపెట్టాను. అంతదూరం మీరు వెళ్లక్కర్లేదు.

ఒకరోజు గ్లాసుతో ఉండగా మా ఆవిడ చూసింది.

"ఏమంటోంది గోడ?"

"పద్నాలుగు చెంబులు. ఒంటిమనిషికి పద్నాలుగెందుకు?"

"అది సరే గానీ, నీళ్లు పైనుంచి దిగితే ముందు పైన తడవాలిగా? మరక మన ఎత్తులో మొదలైంది. దాని మీద రెండడుగులు పొడిగా ఉంది."

నిజంగానే పొడిగా ఉంది. ఆ పొడి నేనూ చూశాను. చూసి, చూడనట్టున్నాను.

"నీళ్లకి దారులుంటాయి. చిన్నప్పుడు మా బడి పైకప్పుకి ఈ చివర వాన కురిస్తే ఆ చివర మాస్టారి నెత్తిన కారేది. ఆ పైకప్పునే గాలెత్తుకుపోతుంటే తాడేసి వెనక్కి లాగినవాణ్ణి, నాకు చెప్తావా?"

"ఆ తాడు కిందటిసారి చెప్పినప్పుడు గొలుసు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి ఆవిడే మధ్యస్థం చేసి నీలిమందు పరీక్ష పెట్టించింది. మేడ మీది బాత్రూములో నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కుక్కి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్లు రెండంగుళాల లోతున నింపాలి. అవి కిందికి దిగితే మరక నీలంగా మారుతుంది. మూడు రోజులు నింపారు. బావమరిది పాదాలు చీలమండల దాకా నీలమయ్యాయి. మరక మాత్రం ఎప్పటిలా టీ రంగులోనే ఉంది.

"చూశావా బావా?"

"నీలిమందు చిటికెడే వేసుంటావు."

వాడు నా వంక చూశాడు. ముప్పై ఏళ్లలో దొంగ టిక్కెట్టు వాళ్లని అలాగే చూసుంటాడు. "అంటే నేను మోసం చేశానంటావు. సరే. పలకలు తీసే చూపిస్తా. పరాయి మేస్త్రి చెయ్యెందుకు, వేసినవాణ్ణి నేనే తీస్తా. రేపు పొద్దునే" అన్నాడు.

ఆ రేపు పొద్దున మా ఆవిడ బజారుకి బయల్దేరుతూ, "రెండిళ్లలో కుళాయిలన్నీ కట్టేశాను. మెట్ల కింద మేడ వాల్వు కూడా కట్టాను. గేటు దగ్గర నీళ్ల మీటరు చూడండి. అప్పుడూ చక్రం తిరుగుతుంటే లీకు మన పైపుదే. నేనొచ్చేసరికి చెప్పండి" అంది. వెళ్తూ వెళ్తూ, "నిజం చెప్పండి" అని కూడా కలిపింది.

వంగి చూశాను. మీటరులో చిన్న ఎర్ర చక్రం తిరుగుతోంది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఇంకా తిరుగుతోంది. మా కింది వాటా వాల్వు కట్టాను, ఠక్కున ఆగింది. తెరిచాను, మళ్లీ మొదలు.

అప్పుడు గుర్తొచ్చింది అద్దం.

పడకగది గోడకి అవతలివైపు మా బాత్రూము. అక్కడ నా ఎత్తుకి తగిలించిన అద్దంలో మా ఆవిడకి పాపిడి తప్ప ఏమీ కనబడ్డం లేదని, రెండు నెలల కింద జానెడు దించాను. డ్రిల్లు బావమరిదిదే. ఇస్తూ, "కుళాయికి సూటిగా పైన కన్నం పెట్టకు బావా, పైపు అదే వరసలో పైకెళ్తుంది" అన్నాడు. పైకప్పుని లాగినవాడికి చెప్పేంతవాడా అనుకున్నాను.

అద్దం దించి చూశాను. స్క్రూ తల చుట్టూ తుప్పు చార. తల మీద ఒక చుక్క. అది పడింది, ఇంకోటి పుట్టింది. నా స్క్రూ పైపుని పొడిచి, దానికి తనే బిరడాలా కూర్చుంది.

పైన ఉలి మొదటి దెబ్బ పడింది.

మీ దగ్గర దాపరికమెందుకు. రెండో దెబ్బ పడేదాకా నేను ఆలోచించాను. అద్దం మళ్లీ తగిలించేసి, వాడు పలకలు తీసి పరిచాక, ఓ పూట చడీచప్పుడు లేకుండా ప్లంబరుని పిలిస్తే ఎవరికి తెలుస్తుంది? మరక ఆరుతుంది. పాపం వాడి పనితనం మీద నిలిచిపోతుంది, నా పేరు బయటికి రాదు.

మూడో దెబ్బకి పలక విరిగిన చప్పుడు. గ్లాసు అక్కర్లేకుండానే వినిపించింది.

పిలుద్దామంటే నోరు రాలేదు. చెయ్యి వచ్చింది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పేశాను. స్క్రూ ఊడి ఎగిరింది, నీళ్లు మొహాన కొట్టాయి. ఏనుగు తొండంతో కొట్టినట్టే. అప్పుడొచ్చింది గొంతు.

"ఒరేయ్! ఉలి కింద పెట్టరా! మా వాల్వు కట్టు, నాది, నాదేరా తప్పు!"

నీలం పాదాలతో దబదబా దిగి, వాల్వు కట్టి, బాత్రూము గుమ్మంలో నిలబడ్డాడు. కన్నం చూశాడు. కుళాయి చూశాడు. మధ్యలో వేలితో గాల్లో నిలువు గీత గీశాడు.

"ఎన్ని తీశావు?" అన్నాను.

"ఒక్కటి. రెండు ముక్కలైంది."

ఆ ఒక్కటీ నేనే వేస్తానన్నాను. ప్లంబరు పైపు అతికి వెళ్లాక, మోకాళ్ల మీద కూర్చుని వేశాను. ఆ రంగు దొరక్క దగ్గర రంగు తెచ్చాను. వాడు పక్కనే స్టూలేసుకుని, సిమెంటు మూలల్లో కాదు, అంతటా పరవమని నా నెత్తిన కూర్చుని చేయించాడు.

ఇప్పుడు మా గోడ ఆరిపోయింది. కానీ రోజూ పొద్దున పైన వాడు ఆ ఒక్క పలకనే వేలితో తట్టడం వినిపిస్తుంది. నేను కింద మంచమెక్కి, గ్లాసు ఆనించి, మోత గట్టిగా వస్తోందా, డొల్లగా వస్తోందా అని వింటాను.