మూల తొట్టి మద్దెల

మోత.

పొద్దున తలుపు తీస్తే మోత. సాయంత్రం తాళం వేస్తే మోత. మోటార్లది, గాలి గొట్టాలది, నీళ్లను చల్లబరిచే పెద్ద యంత్రానిది — అన్నీ కలిసిన ఒకే మోత.

వింటూ వింటూ ఆమె దాన్ని వినడమే మానేసింది.

నగరపాలక సంస్థ నడిపే ఆ అక్వేరియానికి ఆమె అధికారి. నీలి వెలుగు పడే హాలు, వరసగా అద్దాల తొట్లు, మెట్ల కింద ఆమె గది. ఏడాదికోసారి ఆ గదిలోకి బడ్జెట్టు వస్తుంది. వచ్చిందంటే పిలవని చుట్టమే. ఓ పట్టాన కదలదు.

ఈసారి పైనుంచి ఒకటే మాట. ఉన్నదాంట్లో సర్దుకోండి. ఏది ముందో ఏది వెనకో వరసగా రాసి పంపండి. చివర ఉన్న తొట్టి మూసేస్తాం.

పిండి కొద్దీ రొట్టె. అది ఆమెకూ తెలుసు. కానీ ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెట్టమంటే చేయి ఆడుతుందా?

ఆడింది.

పగడాల తొట్టి మొదట. దాని నీళ్లు ఒక్క పూట వేడెక్కితే ఏమీ మిగలదు. తర్వాత తాబేలు, దాని నెత్తిమీద కారుతున్న కప్పు. ఆ తర్వాత జెల్లీ చేపలు — పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవి. రాస్తూ రాస్తూ చివరికి వచ్చింది.

మూల తొట్టి.

బూడిదరంగు చేపలు. రంగు లేదు, రూపం లేదు, తోకలో ఒక వయ్యారం లేదు. అడుగున ఇసుక మీద పనీపాటా లేనట్టు నిలబడి ఉంటాయి. జనం వాటి ముందు ఆగేది చెప్పుల పట్టీ సరిచేసుకోవడానికే.

మూయడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పెద్ద తొట్టిలో వేస్తే పెద్దవాటి నోట్లోకే. ఇక్కడే పుట్టినవాటికి సముద్రం తెలియదు. తీసుకుంటారా అని నలుగురినీ అడిగింది. అందం లేని చేపలు ఎవరికి కావాలి?

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు అనుకుంది. అనుకుంటూనే పెన్సిల్‌తో రాసింది. రేపు పెన్నుతో దిద్దాలి.

ఆ చేపల కోసమే ఆగే మనిషి ఒక్కరున్నారు. ఆమె అత్తగారు.

అత్తగారికి చెవులు పోయి కొన్నేళ్లయింది. రోజూ సాయంత్రం కూరగాయల సంచితో వస్తుంది, కోడలితో కలిసి ఇంటికి నడవడానికి. కోడలి పని తెమిలేదాకా వేరే ఏదీ చూడదు. నేరుగా మూలకు వెళ్తుంది. సంచి కింద పెడుతుంది. రెండు అరచేతులూ అద్దానికి ఆనిస్తుంది. పక్కనే బోర్డు — అద్దం ముట్టుకోరాదు. కోడలు రాయించిన బోర్డే.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి.

ఒకరోజు కోడలు ఆవిడ చేయి పట్టుకుని ఇవతలికి లాగింది కూడా. ముసలావిడ కదల్లేదు. హాలు మారుమోగేలా అంది —

"ఉండవే! మాట్లాడుతున్నాయి."

వయసు మీద పడింది అనుకుని నవ్వుకుంది కోడలు. ఇంటికెళ్లి భర్తకు చెప్పి మళ్లీ నవ్వింది.

ఇవాళ సందర్శకులకు సెలవు. మీటరు బాబాయి అని అందరూ పిలిచే ఎలక్ట్రీషియన్ మెయిన్ బోర్డు ముందు నిలబడ్డాడు. ఏ మోటారు ఎంత కరెంటు తాగుతోందో పైవాళ్లు అడిగారు. ఏటా అంచనాగా రాసేవాళ్లు. ఈసారి అన్నీ ఒకేసారి ఆపి, ఒక్కొక్కటే వేసి చూడాలని అతని ఆలోచన.

"కాసేపే మేడమ్. ఆలస్యమైతే చేపలకు గాలాడదు."

ఆపాడు.

మోత పోయింది.

అలవాటుపడ్డ గోడ ఒకటి పక్కనుంచి తొలగినట్టయింది. బయట పొద్దు వాలుతోంది. ఎక్కడో ఒక గొట్టంలోంచి చివరి చుక్క రాలింది. ఆ తర్వాత అదీ లేదు.

దుం.

ఆమె తలెత్తింది.

దుం... దుం... దుం.

"బాబాయ్, ఏం కొడుతున్నావ్?"

"నేనేం కొట్టలేదు మేడమ్. అక్కణ్నుంచే..."

మూల నుంచి.

ఆమె నడిచింది. మొదట మామూలుగా, తర్వాత వడివడిగా. బూడిదరంగు చేపలు ఇసుక మీద అలాగే ఉన్నాయి. కానీ వాటి పొట్టలు అదురుతున్నాయి. ఒకటి మొదలుపెడుతోంది. ఇంకొకటి అందుకుంటోంది. తర్వాత అన్నీ — పక్కింట్లో ఎవరో రోట్లో దంచుతున్నట్టు, లోతుగా, తీరిగ్గా, ఎవరి కోసమూ కాకుండా.

ప్రతి సాయంత్రం ఇలాగేనా?

ఇన్నేళ్లూ, తను ఆ పక్కగా తాళాలు ఊపుకుంటూ వెళ్లిన ప్రతి సాయంత్రమూ?

ఏడుపు వచ్చింది. ఎందుకో తెలియదు, వచ్చింది.

అత్తగారు ఎప్పట్లాగే వచ్చి అక్కడే ఉంది, అరచేతులు అద్దానికి ఆనించి. కోడలి వైపు తిరిగి ముఖమంతా విప్పార్చుకుని అంది —

"ఇవాళ బాగా వినపడుతున్నాయి కదే!"

కోడలు తలూపింది.

మరి మిగతావి? వెనక్కి తిరిగి చూసింది. జెల్లీ చేపలు తెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. తాబేలు నీళ్లలో రాయిలా ఆగి ఉంది. పగడాలు సన్నని వేళ్లు చాపుతున్నాయి. వీటి దగ్గర ఏమేం ఉన్నాయో... దేన్ని వినడానికి తనకు చెవి లేదో, దేన్ని తాకడానికి చేయి లేదో... వీటినేనా తను ఒక వరసలో నిలబెట్టింది!

మూల తొట్టిని చివరి నుంచి తీసేస్తే — చివర ఎవరు?

"మేడమ్, ఇక వేసేయనా?"

ఒక్క క్షణం బాబాయ్, అనబోయింది. అప్పుడే ఒక బూడిదరంగు చేప అడుగు వదిలి పైకి తేలింది. నీటి అంచున నోరు తెరిచింది. దాని వెనకే ఇంకొకటి. మద్దెల పలచబడింది.

ఊపిరి కావాలంటే మోత కావాలి. మోత వస్తే ఇది పోతుంది.

"వేసెయ్ బాబాయ్. ముందు ఈ మూలదే వేసెయ్."

మోటారు గురగురమంది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. చేపలు మెల్లగా అడుక్కి దిగాయి. హాలు ఎప్పటి హాలైంది.

గదిలోకి వెళ్లి పెన్సిల్ రాత చెరిపేసింది. ఆ ఖాళీలో ఇంకో పేరు రాయబోయింది. రాయలేకపోయింది. రేపు పొద్దున్నే కాగితం వెళ్లాలి. ఖాళీని పైవాళ్లు ఒప్పుకోరు.

మళ్లీ మూలకు వచ్చింది. అత్తగారు కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

తను రాయించిన బోర్డు పక్కనే తనూ అరచేయి అద్దానికి ఆనించింది.

మోత.

మోత, మోత, మోత...

దాని కింద —

దుం.