నాలుగోసారి పోయని సీసం

వెలిచ్కో ఆ కొండదారిలో ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పెద్దమలుపు దగ్గర మంచుమీద బస్సు జారింది. ముందు చక్రం లోయ అంచున ఆగింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కానీ ఆనాటినుంచి బస్సులో తాళంచెవి పెట్టగానే అతని చేతులు వణికేవి. నిద్ర లేదు, తిండి సయించదు. జూన్ మొదటికి బస్సెక్కకపోతే ఆ దారి వేరేవాడికి ఇస్తామని డిపోలో చెప్పేశారు.

ఆ ఊళ్లలో భయం పట్టినవాళ్లు గ్యుర్గ అవ్వ గడప తొక్కుతారు. అవ్వ వాళ్ల తలమీద ఎర్రగుడ్డ కప్పి, కరిగిన సీసాన్ని నీళ్లగిన్నెలో పోస్తుంది. అది గుండె ఆకారంలో గడ్డకడితే భయం దిగినట్టే. ఆ ముక్కను దగ్గరుంచుకుని, మనసు కుదుటపడ్డాక పారేనీళ్లలో వదలాలి. వెలిచ్కో మూడుసార్లు పోయించుకున్నాడు. మూడుసార్లూ చక్కగా వచ్చింది. మూడు ముక్కలూ జేబులోనే ఉన్నాయి.

ఏప్రిల్లో నాలుగోసారి వెళితే అవ్వ సీసం కరిగించే గరిటె పొయ్యిమీద పెట్టలేదు.

"ఎన్నని పొయ్యనురా? నీ జేబులో సీసంతో తుపాకీ గుళ్లు చేసుకోవచ్చు."

"ఇంకొక్కసారి, అవ్వా."

"కుక్కను చూసి జడుసుకున్న పిల్లాడైతే నా పని. రెండు నెలలుగా నిద్రపోవు, తినవు, పెళ్లాంతో మాట్లాడవు. ఇది నా పని కాదు. పట్నంలో మిల్కానా అని కౌన్సెలర్ ఉంది. పో."

"పిచ్చోళ్ల డాక్టరా? ఊరంతా నవ్వదూ!"

"నవ్వనీ, పళ్లు కనబడతాయి. మా ఆయన పోయిన ఏడు నేను వెళ్లలేదా?"

"నువ్వా?"

"మొదట నాకు నేనే పోసుకున్నాలే. పదకొండుసార్లు. గిన్నె నిండింది, ఏడుపు ఆగలేదు."

ఆ వారమే వెలిచ్కో పట్నం వెళ్లాడు.

మొదటిసారి గంటసేపు గోడ చూసి వచ్చాడు. రెండోసారి మూడు సీసం ముక్కలూ బల్లమీద పెట్టాడు. "ఇవి పారేయమంటారా?"

"ఉంచుకోండి. ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో చెప్పండి" అంది మిల్కానా.

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చింది. ఏ మలుపులోనైనా హారన్ కొట్టడం అతని అలవాటు. ఆరోజు పరధ్యానంలో కొట్టడం మరిచాడు. బస్సు జారి ఆగాక, అద్దంలో పద్నాలుగుమంది ప్రయాణికుల మొహాలు తననే చూస్తున్నాయి. చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు.

తర్వాత ఆమె చెప్పినట్టే, ఖాళీ బస్సులో ఊరికే కూర్చున్నాడు. మరో వారం డిపో ఆవరణలో తిప్పాడు. ఆ తర్వాత ఏటి వంతెనదాకా నడిపాడు. పక్క సీట్లో భార్య సెవ్దా కూర్చుంది.

జూన్ ఒకటి. పని నీళ్లలా సాగాలని సెవ్దా బస్సు ముందు చెంబుడు నీళ్లు ఒలికించింది. డిపోలో ఒకడు అరిచాడు:

"ఏం వెలిచ్కో, డాక్టరమ్మను వెంట తీసుకుపోవడం లేదా?"

"లేదులే. నీకోసం గురువారం ఖాళీ పెట్టమన్నా!"

అందరూ నవ్వారు. ఈసారి వెలిచ్కో కూడా.

ముందు సీట్లో గ్యుర్గ అవ్వ. పెద్దమలుపు వచ్చింది. వెలిచ్కో చేతులు కొద్దిగా వణికాయి. వణకనిచ్చాడు. నిదానంగా ఊపిరి వదిలి హారన్ నొక్కాడు. రెండు కొండలూ బదులు పలికాయి. బస్సు మలుపు దాటింది. వెనకనుంచి చప్పట్లు, ఈలలు.

వంతెనమీద బస్సాపి, దిగి, మూడు ముక్కలూ ఏట్లోకి విసిరాడు.

"చాల్లే, ఎక్కు" అంది అవ్వ కిటికీలోంచి. "పళ్ల డాక్టరు నాకోసం చూస్తుంటాడు. లేకపోతే పంటినొప్పిక్కూడా సీసమే పోసుకోమంటావా?"