మీటరు మారిన రోజు

పారిస్ శివారులోని కొలతల ప్రయోగశాలలో, నేలమాళిగ గదిలో, సొలాంజ్ మోర్వాన్ ఏళ్ల తరబడి వెలుగు వేగాన్ని కొలుస్తోంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లు విసిగి మానుకున్నారు గానీ ఆవిడ కొలవడం మానలేదు. రెండద్దాల మధ్య వెలుగు వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని గడియారం చెబుతుంది. ఆ అద్దాల మధ్య దూరాన్ని పక్క గదిలోని క్రిప్టాన్ దీపంతో కొలుస్తారు. మిగిలింది భాగహారమే.

1983 అక్టోబరులో ఒక గురువారం పొద్దున్న ఆ లెక్క తేలింది. లోకమంతా ఒప్పుకున్న అంకె కంటే ఆవిడ అంకె సెకనుకు ఒక్క మీటరు ఎక్కువ. ఆ మధ్యాహ్నమే పక్క ఊరు సెవ్ర్‌లో దేశదేశాల ప్రతినిధులు మీటరు కొత్త నిర్వచనం మీద ఓటు వేయబోతున్నారు. తీర్మానం నెగ్గితే వెలుగు వేగం ఒక అంకెగా ఖాయమైపోతుంది, ఇకపై మీటరు దాన్నుంచే పుడుతుంది. వెలుగు వేగాన్ని కొలవడమనే పనే ఉండదు. సొలాంజ్ బతుకంతా ఆ పనే. తన లెక్క కాగితం వేళకు చేరితే ఓటింగు వాయిదా పడుతుందని ఆవిడ ఆశ.

క్యాంటీనులో ఫిర్మాన్ లకాజ్ ఎదురుగా కూర్చుంది. క్రిప్టాన్ దీపం ఆయన చేతి కింద ఉండేది. దాని నారింజ రంగు వెలుగులోని అలలను లెక్కపెట్టి మీటరెంతో తేల్చేవారు. తీర్మానం నెగ్గితే ఆ దీపానికీ ఉద్వాసనే.

“ఏంటి తల్లీ, మొహం అలా వెలిగిపోతోంది? వెలుగు జోరు పెంచిందా?”

“ఒక మీటరు పెంచింది.”

ఫిర్మాన్ జున్ను ముక్క కిందపెట్టాడు. “ఎందుకు పెంచుతుంది? మనం దానికి ఎదురెళ్లినా అంతే, దాని నుంచి పారిపోయినా అంతే. వందేళ్లుగా దాన్ని పరీక్షలు పెట్టి చంపుతున్నాం. మన గడియారాలూ కొలబద్దలూ సర్దుకున్నాయి గానీ అది సర్దుకోలేదు. నీ మొహం చూసి మారుతుందా?”

“ఎందుకు మారదో చెప్పు మరి.”

“నాకేం తెలుసు? కాలమూ దూరమూ దానికి తగ్గట్టు నడుచుకుంటాయి. అంతకంటే లోపలికి ఎవడూ చూడలేదు. అది సరే, నా దీపం రంగుని ఎక్కడ పట్టుకున్నావ్? మొన దగ్గరా, నడిమధ్యా?”

ఆ రంగు కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. బాగా మెరిసే మొన ఒక చోట, సరిగ్గా నడుమ మరో చోట. మీటరుకి నిర్వచనం రాసిన పెద్దలు రెంటిలో ఏది తీసుకోవాలో రాయలేదు. కొలతలవాళ్లకి తప్ప ఎవరికీ పట్టని లోపం అది. సొలాంజ్ మొదట్లో సులువని మొన పట్టుకుంది, ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

కాగితం రుమాలు మీద నడుమ పట్టుకుని మళ్లీ లెక్క వేసింది. ఎక్కువ వచ్చిన మీటరు మాయమైంది.

“నిర్వచనం ప్రకారం మొనా తప్పు కాదుగా?” అంది.

“కాదు. పట్టుకెళ్లి ఇవ్వు. ఓటింగు ఆపినా ఆపుతారు. నా దీపమూ బతుకుతుంది.”

“అయితే నోరెందుకు తెరిచావ్?”

“తెలిసి ఊరుకుంటే తిన్నది ఒంటబడుతుందా?”

సొలాంజ్‌కి ఏడుపొచ్చింది. వెలుగు వేగం ఏనాడూ మారలేదు. తను వేగంలో తేడా అనుకున్నదల్లా మీటరులోని వంకరే. ఇన్నేళ్లూ ఆ వంకరనే అపురూపంగా కొలుచుకుంటూ వచ్చింది. ఆవిడ పొద్దుటి లెక్క కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, చల్లారిన కాఫీ తాగింది. తనని సెవ్ర్ తీసుకెళ్లడానికి వచ్చిన కారుని వెనక్కి పంపేసింది.

సాయంత్రం తీర్మానం నెగ్గిందని ఫోను వచ్చింది. సొలాంజ్ నేలమాళిగలోకి దిగి యంత్రం నడిపింది. ఎందుకు నడుపుతోందో తనకీ తెలియదు. అవే అద్దాలు, అదే వెలుగు. గడియారం పొద్దున్న చూపినంత కాలమే చూపింది.

ఫిర్మాన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. “ఎంతొచ్చింది?”

“అద్దాల మధ్య దూరమెంతో వచ్చింది.”

“వెలుగు వేగమో?”

“దాన్నిక ఎవరూ కొలవలేరు, ఫిర్మాన్. నేను కూడా.”