మూడో గిన్నె

షామ్ షుయ్ పో మార్కెట్లో పూన్ అత్త కొట్టుకెళ్లి, సూపుకి సరుకులు ఎంత తీసుకోవాలని అడిగితే ఆమె జవాబు చెప్పదు. తిరిగి మననే అడుగుతుంది: "గేయ్ దో యాన్?" ఎంతమంది తాగుతారు, అని. మనిషికింత చొప్పున గుప్పెటతో తీసి సంచీలో పోస్తుంది. కాటా ఉంది గానీ, దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటుంది.

చిన్నప్పుడు అక్క చెయ్యి పట్టుకుని అక్కడికే వెళ్లేవాణ్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది మా సౌ లాన్ అక్కే. ఆదివారం పంది ఎముకలు వేసిన తామరదుంపల సూపు మరుగుతుంటే కింది మెట్ల దాకా వాసన వచ్చేది.

ఈమధ్య అక్క ఆస్పత్రి నుంచి నేరుగా నా గదికే వచ్చింది. ఏం పెట్టినా సయించడం లేదు. "ఆ సూపయితే తాగుతానేమోరా" అంది. పూన్ అత్త కొట్టుకి పరిగెత్తాను. ఉన్నది ఇద్దరమే కదా, ఇద్దరికని చెప్పి తెచ్చాను. పొద్దుటి నుంచీ మరిగించాను. అక్క ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, "బాగానే ఉందిలేరా" అని గిన్నె పక్కన పెట్టేసింది. నాకు ఏడుపొకటే తక్కువ.

మర్నాడు మళ్లీ వెళ్లాను.

"పాత సరుకు అంటగట్టావా అత్తా? అక్క ముట్టలేదు."

"నా సరుకునే అంటావా, గాడిదా! నిన్న ఎంతమందన్నావు?"

"ఇద్దరు."

"మీ అక్క ఏనాడైనా ఇద్దరందా? ఎప్పుడూ ముగ్గురనే అనేది. ఇంత చిన్న కుండలో కాస్తే సూపుకి రుచెక్కడిదిరా?"

"మరి ఆ మూడో మనిషెవరు?"

ఆమె ఎండు రేగుపళ్లు ఏరుతూ తలెత్తలేదు. "సాయంత్రం సూపు ఫ్లాస్కు ఇచ్చి నిన్ను ఎక్కడికి పంపేదిరా?"

ఈ కొట్టుకే. ఆటల ధ్యాసలో ఈ బల్ల మీదే పడేసి పారిపోయేవాణ్ని.

"ముగ్గురికియ్యత్తా."

ఆ రోజు పెద్ద కుండ పెట్టాను. అక్క మూత తీసి చూసింది.

"ఎంతమందికన్నావురా?"

"ముగ్గురికి."

గోడ పట్టుకుంటూ లేచి, తనే ఫ్లాస్కు నింపింది. "నడు, చల్లారిపోతుంది."

"ముందు నువ్వు తాగక్కా."

"నాకు చెప్తావేంట్రా? నడు."

ఫ్లాస్కు పూన్ అత్తకిచ్చి తిరిగొచ్చేసరికి అక్క గిన్నెలో ఎముక ఒక్కటే మిగిలింది.

"ఏమందిరా?"

"ఉప్పు తక్కువంది."

అక్క నవ్వింది. "ఆవిడెప్పుడూ అంతేరా" అని గిన్నె మళ్లీ నా వైపు చాచింది.