వెదురు లేని ఊరి కట్టు

పట్టిన పట్టు నేను విడవను. అది నా గొప్ప, నా జబ్బు కూడా. తిరుపతిలో పరిశోధనకు చేరినప్పుడు అందరూ తేలికైన అంశాలు ఏరుకుంటుంటే, నేను బోస్నియా కొండల్లో విరిగిన ఎముకలు సరిచేసిన స్టానా అనే ఆవిడ నోటుపుస్తకం మీద పనిచేస్తానన్నాను. తొంభై ఏళ్ల కిందటి చేతిరాత, రెండొందల పన్నెండు పేజీలు. మా నాయన దామోదరం పుత్తూరులో ఎముకలకు కట్టు కడతాడు. ఆయన పక్కన పెరిగినదాన్ని, స్టానాను నాకంటే బాగా ఎవరు అర్థం చేసుకుంటారు?

అడ్డం ఒకటే, భాష. బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్ అని పేర్లు మూడు. ఒకటి వస్తే మిగతా రెండూ చాలావరకు వచ్చినట్టే. లిపులు మాత్రం రెండు. ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ఇంగ్లిషు ‘పీ’లా కనిపించే అక్షరాన్ని ‘ర’ అని చదవడం వారంలో వచ్చేసింది. ఏడు విభక్తులని పుస్తకం బెదిరించింది. డుమువులు వల్లించి దెబ్బలు తిన్నదాన్ని, ఏడుకు బెదురుతానా?

బెదిరింది మా గైడు జయంతి మేడమ్. ఆరు నెలలు గడువిచ్చారు. ఆ తర్వాత నోటుపుస్తకంలోంచి ఆవిడ ఎంచిన ఒక పేజీని, భాష తెలిసినవాళ్ల సాయం లేకుండా, మూడు రోజుల్లో తెలుగులోకి తేవాలి. ఆ భాష చదువుకున్న ఢిల్లీ ప్రొఫెసర్ ఒకాయన ఆన్‌లైన్‌లో పరీక్షిస్తారు. తేలేకపోతే స్టానాను వదిలేసి వేరే అంశం చూసుకోవాలి. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఆ చేతిరాత చూసి ఎప్పుడో చేతులెత్తేసింది. దానికి నా అంత మొండితనం లేదు.

శుక్రవారం పొద్దున పేజీ వచ్చింది. మణికట్టు విరిగిన మనిషి గురించి. ఎముక, చెయ్యి, గుడ్డు, బట్ట, తెలిసిన మాటలు చుట్టాల్లా పలకరించాయి. తెలియని చోట్ల నేను ఆగలేదు. ఆ పనిలో తర్వాత ఏం చేస్తారో నాకు తెలుసు కదా. సాయంత్రానికి పేజీ అయిపోయింది. ఇంత సులువా అని నాకే నవ్వొచ్చింది.

శనివారం నాయన ముందు గొప్పలు పోదామని పుత్తూరు బస్సెక్కాను. ఆయన శ్రీ సిటీ నుంచి వచ్చిన ఒకతని మోచేతికి కట్టు కడుతున్నాడు. పక్కన కూర్చుని గట్టిగా చదివాను. స్టానా కళ్లు మూసుకుని ఎముక తడిమింది, లాగి సరిచేసింది, గుడ్డుసొన పట్టించింది, వెదురు బద్దలు పెట్టి బట్ట చుట్టింది, మూడు రోజుల తర్వాత కట్టు మార్చింది.

నాయన ముడి వేసి చేతులు తుడుచుకున్నాడు. మెచ్చుకుంటాడని చూస్తున్నాను.

“ఆ దేశంలో వెదురు యాడిది పాపా?” అన్నాడు.

నేను చేతిలోని కాగితం వంక చూశాను.

“ఇది నేను కట్టిన కట్టు మాదిరే ఉండాది. నేను చేసేది నాకు తెలుసులే. ఆయమ్మ ఏం చేసిందో సదువు.”

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కోపం కూడా వచ్చింది, నా మీదే. తిరుగు బస్సులోనే పేజీ మళ్లీ తీశాను. అక్కడ ఉన్నది సన్నని చెక్క. వెదురు నేను తెచ్చిపెట్టింది. కళ్లు మూసుకుని తడిమేది మా నాయన, పేజీలో కళ్ల ఊసే లేదు. ఆదివారమంతా ఒక్కో మాటనూ నిఘంటువులో చూసి, దాని విభక్తి తేలాకే రాశాను. ఆ మూడు రోజులు కట్టు మార్చడానికి కాదు. వాపు తగ్గేదాకా మూడు రోజులు ఆమె అసలు కట్టే కట్టలేదు. మా ఇంట్లో ఎవరూ అలా చేయరు. రెండు మాటలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అక్కడ ఖాళీ వదిలాను. ఖాళీ వదలడం నా ఒంటికి పడని పని.

సోమవారం ఆ ఖాళీలు చూసి జయంతి మేడమ్ ముఖం వాడిపోయింది. ప్రొఫెసర్ కూడా అక్కడే పట్టుకున్నారు. సందర్భాన్ని బట్టి ఊహించి రాయొచ్చు కదా అన్నారు.

“ఊహిస్తే మా పుత్తూరే వస్తుంది సార్. శుక్రవారం వచ్చింది కూడా,” అని నా మొదటి కాగితాన్ని తెర మీద పెట్టాను, వెదురు బద్దలతో సహా. దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ తప్పు చేసినా ధైర్యంగానే చేస్తాను నేను.

ఆయన రెండు కాగితాలూ చాలాసేపు చూశారు. నేను ఖాళీ వదిలిన ఆ రెండూ ఆ కొండల్లోవాళ్ల మాటలని, వాటిలో తనకూ ఒకటే తెలుసని చెప్పారు. ఆ మాటకు అర్థం పొయ్యి పక్కన వేసే పడక. వాపు తగ్గేదాకా స్టానా ఆ మనిషిని తన ఇంట్లో పడుకోబెట్టింది దాని మీదే. తర్వాత జయంతి మేడమ్‌తో, ఈ అమ్మాయిని స్టానా దగ్గరే ఉండనివ్వమన్నారు.

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేశాను. గెలిచానని చెప్పినా ఆయన ఆలోచన వేరే చోట ఉంది. కట్టు కట్టని ఆ మూడు దినాలూ ఆ మనిషి నొప్పితో ఏమైపోయాడని అడిగాడు.

“ఆయమ్మ ఇంట్లోనే పెట్టుకునింది నాయనా. పొయ్యి పక్కన పడకేసి.”



“మనం అరగంటలో కట్టేసి బస్సెక్కిస్తాం,” అన్నాడు. ఆ వెంటనే, “ఇంకెన్ని పేజీలుండాయి?”

“రెండొందల పదకొండు.”

“బిన్నా సదువు పాపా,” అని తొందరపెట్టాడు.