బిడ్డకు చెవులు వచ్చిన నెల

మరమగ్గాల షెడ్డులో మాటకు విలువ లేదు; వినిపిస్తే కదా విలువ. నాడెలన్నీ ఏకధాటిగా అటూ ఇటూ కొట్టుకొనే ఆ హోరులో, పక్కమనిషి చెవిలో నోరుపెట్టి అరిచినా ఊపిరి తగలడమే తప్ప మాట చేరదు. అందుచేత అక్కడి ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకొనేవారు. పోగు తెగిందనడానికొక సైగ, మేస్త్రీ వస్తున్నాడనడానికొక సైగ. ఈ పూట అతని ముఖం ఎలా ఉందో చెప్పడానికి మాత్రం ఒకటి చాలక నాలుగైదు. వాగుడుకాయ అని ఇంటిల్లిపాదీ పికిలిపిట్ట పేరు పెట్టి పిలిచే పిల్ల, ఆ షెడ్డులో చేరిన కొన్నాళ్లకే చేతులతో కూడా వాగడం నేర్చింది.

ఆమె కడుపుతో ఉందన్న వార్త సైతం చేతుల మీదుగానే మగ్గం నుంచి మగ్గానికి పాకింది. ఆసుపత్రి నర్సమ్మ చెప్పినదాన్నంతా పికిలి తన వేళ్లలోకి దించేది. మొదట చిటికెనవేలి గోటి కొస చూపింది: నువ్వుగింజంత. తరువాత పెసరగింజంత; అందులోనే గుండె కొట్టుకొంటోందని వేలితో గాలిని టకటకా తట్టింది. మూడో నెలలో పది వేళ్లూ విడదీసి ఆడించింది. ‘పోగులు ముడివేయడానికి పనికొస్తాయి, పంపించు’ అని మూలమగ్గం వదిన సైగ చేసి నవ్వించింది. అయిదో నెలలో ఒకనాడు పోగు అతుకుతూనే ఉలిక్కిపడి, తన పొట్టను తానే వేలితో పొడుచుకొని చూపింది. తన్నింది! షెడ్డంతా పళ్లికిలించింది.

ఆరో నెలలో నర్సమ్మ చెప్పిన సంగతిని మాత్రం ఆమె వేళ్లకు అప్పగించలేదు. నేరుగా మేస్త్రీ గదికి వెళ్లింది.

"ఇప్పుడు లోపలిదానికి చెవులు పనిచేస్తున్నాయటండీ. ఈ మోత దానికీ వినిపిస్తుందట, మంచిది కాదట. పురుడొచ్చేదాకా నన్ను మడతగదికి మార్చండి."

మడతగది గోడకు అవతల ఉంది. నేసిన బట్టను అక్కడ మడతపెట్టి కట్టలు కడతారు. అక్కడ మనిషి మాట మనిషికి వినబడుతుంది.

"బొజ్జలో ఉన్నదానికి చెవులేంటమ్మా? రేపు కళ్లజోడు కూడా అడుగుతావా?" అన్నాడు మేస్త్రీ.

"కళ్లజోడు పుట్టాక నేనే కొంటాను. చెవులు పుట్టకముందే పోనివ్వను."

"నిన్ను మారిస్తే రేపు ప్రతి ఒక్కతీ కడుపు ముందుకేసుకుని వస్తుంది."

"వస్తే రానీయండి. కడుపులేమన్నా అద్దెకు తెచ్చుకుంటామా?"

"నోరు తగ్గించు. మగ్గం దగ్గరుంటే ఉండు, లేకపోతే ఇంటికెళ్లు."

ఇంటికి వెళ్లినవారిని మళ్లీ రానిచ్చిన ఆనవాయితీ ఆ షెడ్డులో లేదు. పికిలి సంపాదన లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె మగ్గం దగ్గరకు తిరిగి వచ్చింది కానీ, పట్టు వదలలేదు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర పెద్దక్క ఆమెను నిలదీసింది. పికిలి పక్క మగ్గం మీదే తల నెరిసిన మనిషి. చెవులు మందగించడంతో గుసగుసలు కూడా కేకలుగానే ఆడేది. "మేం కనలేదా పిల్లల్ని? నొప్పులొచ్చేదాకా నా కూతుర్ని ఈ మగ్గం ముందే మోశాను. నీదేమన్నా బంగారమా?"

పెద్దక్క కూతురు ఎవరు పిలిచినా తల పక్కకు తిప్పి ఒక్క చెవితోనే వింటుందని అందరికీ తెలుసు. ఆ మాట పికిలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పళ్లు బిగించి దాన్ని మింగేసింది.

మర్నాడు మేస్త్రీ ఏదో గొప్ప వరం తెచ్చినవాడిలా మగ్గాల మధ్య నడిచివచ్చి, ఆమె అరచేతిలో రెండు పసుప్పచ్చని స్పాంజి బిరడాలు పెట్టాడు. చెవుల్లో పెట్టుకోమని అభినయించి చూపాడు. అతనికి వచ్చిన సైగ అదొక్కటే.

పికిలి ఒక బిరడాను తన చెవిలో పెట్టుకొంది. తీసేసింది. వంగి దాన్ని పొట్టమీద ఈ పక్క ఆనించి చూసింది, ఆ పక్క ఆనించి చూసింది, బొడ్డుమీద కూడా నొక్కింది. ఆపై మేస్త్రీని వదిలేసి, షెడ్డువైపు తిరిగి, రెండు అరచేతులూ చాచింది: ఎక్కడ పెట్టమంటారు?

హోరులో మాటలు చదవడం మరిగిన కళ్లు అవి. షెడ్డు ఆ చివర ఉన్నవారికి కూడా ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

అయినా ఎవరూ కదలలేదు. అప్పుడు పక్కనున్న మగ్గం ఆగింది. పెద్దక్క మీట మీద చేయి ఉంచే, రెండోచేతిని నడుమంత ఎత్తున పట్టి ఒక పిల్లను చూపింది. తరువాత ఆ పిల్లలాగే తల పక్కకు తిప్పింది. ఆమె కళ్లు తుడుచుకోలేదు, దించుకోనూ లేదు.

మూలమగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. చివరికి ఆ షెడ్డులో మేస్త్రీ అరుపులొక్కటే మిగిలాయి.

మగ్గాల మోత ఆగిపోవడం మేనేజరును గది నుంచి పరుగెత్తించింది. "కరెంటు పోయిందా?"

"లేదండీ, చెవులొచ్చాయి," అన్నారెవరో.

విషయం తెలిశాక అతడు ముఖం చిట్లించాడు. "సరే, ఈవిణ్ణి మడతగదికి పంపండి. మగ్గాలు వేయండిక."

"నాకొక్కదానికేనా?" అంది పికిలి.

"అడిగింది నువ్వే కదమ్మా!"

"నిన్న అడిగాను. ఇవాళ ఈ మూలమగ్గం వదినకు మూడో నెల. రేపు ఇంకొకరికి. కడుపుతో ఉన్న ప్రతిమనిషీ బతిమాలుకోకుండా అక్కడికి వెళ్లాలి. ఆ మాట ఇక్కడే చెప్పండి. ఇప్పుడు వినబడుతుంది కదా!"

మేనేజరు ఆగిన మగ్గాలను చూశాడు. నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"నాకు వినబడలేదు బాబూ," అంది పెద్దక్క. "గట్టిగా."

అతడు గట్టిగా చెప్పాడు. ఆమె చెవికి చేయి అడ్డంపెట్టుకొని ఇంకా చూస్తూనే ఉంటే, మళ్లీ చెప్పాడు.

మూలమగ్గం వదిన చేయి పట్టుకొని పికిలి గోడ అవతలికి నడిచింది. వారి వెనక తలుపు మూసుకొన్నాక కూడా చాలాసేపు ఎవరూ మీట నొక్కలేదు. మేస్త్రీ వరుసల మధ్య తిరుగుతూ తిట్లు లంకించుకొన్నాడు. ఒక్క మాట కూడా పోకుండా అన్నీ స్పష్టంగా వినిపించాయి. ఒక్కరూ చెవిన వేసుకోలేదు.